ఆటకి ముహూర్తం: 1515 కాదు, 1435

"అన్నా, మాది పర్లాకిమిడి. నేనూ, మా పెద్దనాన్నగారబ్బాయీ, మాతో చదువుకునే ఒక ఒడియా స్నేహితుడూ కలిసి గ్రాండ్ స్ట్రాటజీ గేమ్ ఒకటి, అంటే ఒక రాజ్యాన్ని ఏళ్ళ తరబడి నడిపించే ఆట, తయారు చేద్దామని కూర్చున్నాం. యూరోపా యూనివర్సాలిస్, క్రూసేడర్ కింగ్స్ నాలుగేళ్ళుగా ఆడుతున్నవాళ్ళమే. ఇద్దరికి కోడింగ్ వచ్చు. ఏ కాలం తీసుకోవాలన్న దగ్గరే మూడు నెలలుగా ఆగిపోయాం. మా అన్న 1515 అంటాడు, కృష్ణదేవరాయలు కొండవీడు పట్టిన ఏడు. నా స్నేహితుడు ఒరిస్సా గజపతి రాజు పురుషోత్తమ దేవుడి కంచి దండయాత్ర అంటాడు. నాకు బొబ్బిలి, 1757 ఇష్టం. ఇంకో బాధ కూడా ఉంది. ఏ ఆటలో చూసినా మా ఊరు మ్యాపు అంచున ఎవరో ఒకరి రంగులో కలిసిపోయి ఉంటుంది. మా వైపు వాళ్ళు ఆడడానికంటూ ఏమీ ఉండదు. ఏ కాలం బాగుంటుందో నువ్వే చెప్పు."

తమ్ముడూ,

జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తీరిగ్గా చదువుకో. 1435 తీసుకోండి. కటకంలో, అంటే కటక్‌లో, గజపతి వంశం మొదలుపెట్టిన కపిలేంద్ర దేవుడు గద్దెనెక్కిన ఏడు. మీ ముగ్గురిలో ఎవరూ అడగని ఏడు అది. అయినా ముగ్గురి మనసులో ఉన్నదీ అందులో దొరుకుతుంది. మన ఊళ్ళు ఎప్పుడూ మ్యాపు అంచునే ఉంటాయని ఉత్తరం చివర రాశావు చూడు, ఆ బాధ తీరే కాలం కూడా నాకు తెలిసినంతలో అదే.

నేను బరంపురంలో బడిపిల్లలకి సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ ఆటలు పదేళ్ళకి పైగా ఆడుతున్నాను. పాఠానికి ముఖ్యమైన తేదీ ఆటకి పనికిరాదని ఈ రెండూ చేస్తూ చేస్తూ తెలుసుకున్నాను. పాఠంలో యుద్ధం గెలిచిన రోజు గుర్తుపెట్టుకుంటాం. ఆటకి కావలసింది ఎవరు గెలుస్తారో ఇంకా ఎవరికీ తెలియని రోజు. ఆట మొదలయ్యే తేదీ అంటే ముహూర్తమే. తాళి కట్టేశాక ముహూర్తం పెట్టి లాభమేముంది?

పెద్ద ఆటలు తయారు చేసేవాళ్ళు ఈ సంగతి ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో గమనించు. క్రూసేడర్ కింగ్స్‌లో 1066 ఎంచుకుంటే ఆట సెప్టెంబరు 15న మొదలవుతుంది. హేస్టింగ్స్ యుద్ధం అక్టోబరు 14న. నెల ముందు దింపుతారన్నమాట నిన్ను. ఇంగ్లండు గద్దె మీద హెరాల్డ్ కూర్చుని ఉంటాడు, ఒక వైపు నుంచి నార్వే రాజు, ఇంకో వైపు నుంచి నార్మండీ విలియం దాని మీద కన్నేసి ఉంటారు. విలియం గెలిచాడని మనకి తెలుసు, ఆటకి తెలీదు. యూరోపా యూనివర్సాలిస్ నాలుగో ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. ఆ ముందు రోజే వర్నా దగ్గర ఒట్టోమన్ల చేతిలో పోలండు, హంగరీ రెంటినీ ఏలే ఇరవై ఏళ్ళ రాజు చనిపోయాడు. రెండు రాజ్యాలకీ రాజు లేడు. కాన్‌స్టాంటినోపుల్ పడడానికి ఇంకా తొమ్మిదేళ్ళుంది. ఎటైనా తిరగొచ్చు.

అది యూరప్ జాతకం చూసి పెట్టిన ముహూర్తం. మనకీ కొంత కలిసొచ్చింది, ఎందుకంటే ఆ రోజుకి విజయనగరంలో రెండో దేవరాయలు, కటకంలో కపిలేంద్రుడు, బీదరులో బహమనీలు ముగ్గురూ దిట్టంగానే ఉన్నారు. 2025లో వచ్చిన అయిదో ఆట 1337కి వెనక్కి వెళ్ళింది. తెలంగాణకీ, కృష్ణాతీరానికీ అది ఇంకా మంచి ముహూర్తం. కాకతీయుల ఓరుగల్లు 1323లో పడిపోయింది, ముసునూరి కాపయ నాయకుడు దాన్ని ఢిల్లీ వాళ్ళ చేతిలోంచి లాక్కున్నాడు, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి తన జెండా తాను ఎత్తాడు, హంపీలో కొత్త రాజ్యం పుట్టి ఏడాది. అక్కడ అంతా పొయ్యి మీద పాలలా పొంగుతోంది. మన కిమిడి వైపు మాత్రం ఒరిస్సా ఏలే గంగరాజుల నీడలో నిమ్మళంగా ఉంది. మీకు పనికిరాదు.

ఇక మీ అన్న 1515. అది నేను ఆడించి చూశాను తమ్ముడూ, కంప్యూటరులో కాదు, అరుగు మీద. మొన్న వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలూ, పక్కింటి పిల్లలూ కలిపి ఆరుగురు చేరారు. సుద్దముక్కతో అరుగు మీద మహానది నుంచి కృష్ణ దాకా తీరం గీశాను. మధ్యలో వంశధార, నాగావళి, గోదావరి. కోటలకి చిన్న చిన్న గళ్ళు. సైన్యాలకి చింతపిక్కలు, ఏనుగులకి గచ్చకాయలు. 1515లో ఉన్నట్టే పంచాను: రాయలకి ముప్ఫై పిక్కలు, కటకం గజపతి ప్రతాపరుద్రుడికి పద్దెనిమిది. మూడో చుట్టు తిరిగేసరికి ప్రతాపరుద్రుడైన కుర్రాడు చేతిలో పిక్కలు గచ్చు మీద పోసేసి "నానాడను మావయ్యా" అని లేచిపోయాడు. రాయలైన పిల్లాడికీ సరదా లేదు. గెలవడానికి వాడు చేసిందేమీ లేదు, నేను పంచినప్పుడే గెలిచాడు.

చరిత్రలోనూ అంతే. ఉదయగిరి ముట్టడి 1513లో మొదలైంది. 1515లో కొండవీడు చేజిక్కింది. ఆ తర్వాత సింహాచలం, పొట్నూరులో జయస్తంభం, చివరికి సంధి, గజపతి కూతురితో పెళ్ళి, కృష్ణకి ఉత్తరాన గెలిచినదంతా తిరిగి ఇచ్చేయడం. 1515 నాటికి విస్తరి వేసి వడ్డించేశారు, తినడమే మిగిలింది. మీ అన్నకి రాయలే కావాలంటే 1509కి వెళ్ళమను, పట్టాభిషేకం నాటికి. అప్పుడు ఉదయగిరి గజపతి చేతిలో ఉంది, ఉమ్మత్తూరు పాలెగాడు ఎదురు తిరిగాడు, ఉత్తరాన సుల్తానులు కాచుకుని ఉన్నారు, మరుసటి ఏడే పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారు. అప్పుడు రాయలుగా ఆడడంలో చెమట ఉంది.

ఒక హెచ్చరిక మాత్రం మీ అన్నకి ఇప్పుడే చెప్పు, తర్వాత గొడవ పడకుండా. 1435లో మొదలుపెడితే మీ ఆటలో కృష్ణదేవరాయలు ఎప్పటికీ పుట్టకపోవచ్చు. 1485లో సాళువ నరసింహుడు విజయనగరం గద్దె తీసుకోవాలి, మళ్ళీ 1505లో తుళువ వాళ్ళు తీసుకోవాలి, అప్పుడుగానీ రాయలకి దారి పడదు. ఆటలో ఇవేవీ జరిగి తీరాలని లేదు. అలాగని బలవంతంగా జరిపిస్తే అది ఆట అవదు, బొమ్మల కొలువు అవుతుంది. రాయల మీద ప్రేమ ఉన్నవాడికి ఇది కష్టంగానే ఉంటుంది. నాకూ ఉంటుంది. అందుకే 1509ని రెండో ఆటకి దాచుకోండి.

నీ స్నేహితుడు అడిగిన కంచి దండయాత్ర మీద నాకు చాలా ఇష్టం ఉంది. నల్లగుర్రం మీద జగన్నాథుడు, తెల్లగుర్రం మీద బలభద్రుడు ముందుగా వెళ్తూ దారిలో మాణికి అనే గొల్లపడుచు దగ్గర పెరుగు తాగి ఉంగరం ఇచ్చిన కథ మన జిల్లాల్లో వినని పిల్లలుండరు. మనం ఇద్దరం అదృష్టవంతులం తమ్ముడూ, బడిలో ఆ కథ విన్నాం, ఇంటికొస్తే రాయలు పొట్నూరులో స్తంభం నాటిన కథ విన్నాం. ఒకే నేల మీద రెండు కథలు, ఒకదాంట్లో గెలిచినవాడు రెండోదాంట్లో ఓడతాడు. మీ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని ఈ ఆట రాస్తున్నారంటే, ఈ రెండు కథలకీ సమానంగా చోటిచ్చే ఆట మీరే రాయగలరు. హైదరాబాదులోనో భువనేశ్వరంలోనో కూర్చున్నవాడికి అది అంత సులువుగా తట్టదు. అయితే కంచి కథ దేవుళ్ళు ముందు నడిచిన యుద్ధం. దాని ఫలితం ఆటగాడి చేతిలో పెట్టలేం.

బొబ్బిలి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ తప్పు కాలంలో లేదు, ఆట రకంలో ఉంది. 1757 జనవరి 24 ఒక్క రోజు, ఒక్క కోట. అది గ్రాండ్ స్ట్రాటజీకి చాలదు. 1753లో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఫ్రెంచివాళ్ళకి ఇచ్చినప్పటి నుంచి 1766లో నిజాము ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నదాకా తీసుకుంటే ఆటకి సరిపడా మేత ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ, అతనితో కలిసి బొబ్బిలి మీదకొచ్చిన విజయరామరాజు, 1758లో చందుర్తి యుద్ధం, మరుసటి ఏడు బందరు ముట్టడి. జమీందారుగా ఆడొచ్చు. కానీ అసలు తీర్పు సముద్రం అవతల, డబ్బు సంచుల దగ్గర జరుగుతుంది. కోటలో కూర్చున్నవాడికి బతికి బయటపడడం తప్ప ఇంకో గెలుపు లేదు. నీకు బొబ్బిలి ఎందుకిష్టమో నాకు తెలుసు: పెద్దవాళ్ళ మధ్య చిన్నవాడు తలవంచకుండా నిలబడడం. అది 1435లో ఇంకా బాగా దొరుకుతుంది. ఆ నాటి చిన్నవాడికి గెలిచే దారి కూడా ఉంది.

దానికి ముందు ఇంకో తేదీ గురించి చెప్పకుండా ఉండలేను. మా తాతగారి ట్రంకుపెట్టెలో రెండు కాగితాలున్నాయి. 1934లో రాసిన పొలం దస్తావేజు మీద "మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా" అని ఉంటుంది. 1938లో రాసిన దాని మీద అదే పొలం, అవే హద్దులు, తూర్పున అదే చెరువుగట్టు, పైన మాత్రం "ఒరిస్సా". తాతగారు ఎక్కడికీ కదల్లేదు, రాష్ట్రమే ఆయన మీంచి నడిచి వెళ్ళింది. విక్టోరియా అనే ఇంకో కంప్యూటరు ఆట 1936 జనవరి 1న ముగుస్తుంది. హార్ట్స్ ఆఫ్ ఐరన్ ఆట అదే రోజు మొదలవుతుంది. సరిగ్గా మూడు నెలలకి, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది, మీ పర్లాకిమిడి పట్నం ఇటు వచ్చింది, ఎస్టేటులో ఒక భాగం మద్రాసులో ఉండిపోయింది. ఒక ఆట కళ్ళు మూసుకుని ఇంకో ఆట కళ్ళు తెరిచే ఆ సందులో మన జిల్లాల తలరాత మారిపోయింది, రెండు ఆటల్లోనూ దాని జాడ లేదు. ఎప్పుడైనా ఎవరైనా దాని మీద ఆట రాస్తే నేను మొదటి రోజే కొంటాను. అందులో సైన్యాలుండవు, అర్జీలుంటాయి, జనాభా లెక్కల్లో ఎవరిది ఏ భాష అని రాశారన్నది ఉంటుంది, సరిహద్దు కమిటీ ముందు సాక్ష్యాలుంటాయి. మీరు ఇప్పుడు రాయాలనుకుంటున్న ఆట అది కాదు కాబట్టి వదిలేస్తున్నాను.

సరే, 1435.

గంగవంశపు చివరి రాజు నాలుగో భానుదేవుడు దక్షిణాన రాజమహేంద్రవరం రెడ్ల మీద దండెత్తి వెళ్ళాడు. ఇక్కడ కటకంలో, ఆ గంగరాజుల కొలువులోనే ఎదిగిన కపిలేంద్రుడు గద్దెనెక్కి కూర్చున్నాడు. నాలుగు వందల ఏళ్ళ పాటు గంగల పేరు విన్న జనం, సామంతులు, కొండరాజులు ఈ కొత్తవాణ్ణి ఎందుకు ఒప్పుకోవాలి? ఒప్పుకోలేదు. ఎవరెవరు ఒప్పుకోలేదో చూడు: వడ్డాది మత్స్యులు, నందపురం శిలావంశీయులు, పంచధారల విష్ణుకుండినులు, కిమిడి గంగలు. నందపురం మన కోరాపుట్ జిల్లాలోది. కిమిడి అంటే మీరే. ఎదురు తిరిగినవాళ్ళ పట్టీలో మీ ఊరి పేరుంది తమ్ముడూ! కపిలేంద్రుడు భువనేశ్వరం లింగరాజ ఆలయంలో శాసనం వేయించి మరీ హెచ్చరించాడు: రాజు మేలు కోరి నడుచుకోండి, లేదంటే దేశం నుంచి వెళ్ళగొట్టి ఆస్తి జప్తు చేస్తాను అని. గద్దె గట్టిగా ఉన్నవాడు గుడిగోడ మీద అలా రాయించుకోవలసిన పని ఉండదు.

ఇప్పుడు చుట్టూ చూడు. రాజమహేంద్రవరంలో రెడ్లు, వాళ్ళ వెనక అండగా విజయనగరపు దేవరాయలు. రాచకొండ, దేవరకొండల్లో రేచర్ల వెలమలు. బీదరులో బహమనీలు, ఉత్తరాన బెంగాల్ సుల్తానులు. అందరికీ ఒకరి మీద ఒకరికి కన్ను. అందరి మధ్యా కటకం నుంచి గోదావరికి పోయే దారి. ఆ దారి తీరం వెంట, కొండల పక్కనుంచి, మీ మహేంద్రతనయ, వంశధార, నాగావళి దాటుకుంటూ పోతుంది. దాని మీద కూర్చున్నది మన ఊళ్ళు. 1515లోనూ, 1757లోనూ మనది అంచు. 1435లో మాత్రం మ్యాపు నడిబొడ్డు మనమే.

రెండో రోజు అరుగు మీద ఇదే పెట్టాను. కపిలేంద్రుడికి పన్నెండు పిక్కలు, కానీ నాలుగు కటకం వదిలి కదలకూడదు, కదిలిస్తే గద్దె పోతుంది. రెడ్లకి తొమ్మిది. విజయనగరానికి ఇరవై, కానీ గోదావరి చేరడానికే నాలుగు చుట్లు పడుతుంది. బహమనీలకి పద్దెనిమిది. వడ్డాదీ నందపురమూ కలిపి ఒక పిల్లకి, ఆరు. కిమిడికి మూడే మూడు. కిమిడి ఎవరూ అడగలేదు, అందరికన్నా చిన్నది, పదేళ్ళ పిల్ల, దాని వంతుకి వచ్చింది. అది యుద్ధమూ చెయ్యలేదు, కప్పమూ కట్టలేదు. మూడు పిక్కలనీ కనుమ దగ్గర పెట్టి కూర్చుంది. కటకం పిల్లాడు దారి అడిగితే "నాకేటిత్తావు?" అంది. రెడ్ల పిల్లాడు దారి మూసెయ్యమంటే వాడినీ అదే అడిగింది. ఏడో చుట్టుకి దాని దగ్గర పదకొండు పిక్కలు, రెండు గచ్చకాయలు ఉన్నాయి. ఎనిమిదో చుట్టుకి వాళ్ళిద్దరూ ఒకటై దాని మీదకొచ్చారు. వీధి దీపాలు వెలిగాక కూడా లేవమంటే లేవలేదు ఆరుగురూ, దోమలు కుడుతున్నా. మర్నాడు పొద్దున్నే వచ్చి కిమిడి నాకంటే నాకని కొట్టుకున్నారు.

అందుకే ఉత్తరం చదవగానే తేదీ చెప్పగలిగాను. మీరూ ఒక్క అక్షరం కోడ్ రాయకముందే పిక్కలతో ఆడి చూడండి.

అసలు చరిత్ర తర్వాత ఎటు నడిచిందో కూడా మీకు సాయం చేస్తుంది. దేవరాయలున్నంత కాలం రెడ్లకి ఆ అండ ఆగింది. 1446లో ఆయన పోయాడు, కొద్ది ఏళ్ళకే రాజమహేంద్రవరం కపిలేంద్రుడిదయింది. 1454లో కొండవీడు, 1460లో ఓరుగల్లు, 1464 నాటికి కొడుకు హంవీరుడి సైన్యాలు కంచి దాకా వెళ్ళాయి. నీ స్నేహితుడికి కంచి ఇక్కడే దొరికింది చూశావా? కపిలేంద్రుడి బిరుదు విన్నావు కదా, గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలబరిగేశ్వర. పెద్దల నోట మంత్రంలా వినిపిస్తుంది గానీ నిజానికి అది యుద్ధాల లెక్క. గౌడేశ్వర అంటే బెంగాల్ వైపు, కర్ణాట అంటే విజయనగరం వైపు, కలబరిగె అంటే బహమనీల గుల్బర్గా. ఒక్కో గెలుపుకి ఒక్కో మాట చేరింది. మీ ఆటలో స్కోరు పెట్టకండి, ఇదే పెట్టండి. ఆటగాడి బిరుదు పొడుగవుతూ పోవాలి, ఓడిపోతే మాట రాలిపోవాలి. మీ జిల్లా పేరే గజపతి, ఇంకేం కావాలి?

సైన్యాల రకాల కోసం కూడా ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. ఆ రోజుల్లో కటకం రాజు గజపతి, విజయనగరం రాజు నరపతి, సుల్తానులు అశ్వపతులు. ఏనుగులు, కాల్బలం, గుర్రాలు. మూడు రకాల బలం, మూడిటికీ వేర్వేరు ఖర్చు, వేర్వేరు నేల. గుర్రాలు సముద్రం మీద నుంచి కొనాలి. ఏనుగులు మన అడవుల్లోనే దొరుకుతాయి, కానీ మేత తినేస్తాయి. ఇంత చక్కగా తనంతట తానే తూగే ఏర్పాటు ఇంకో కాలంలో దొరకదు.

ఇక పని సంగతులు.

తేదీ ఒక్కటే పెట్టుకోండి. యూరోపా నాలుగో ఆటలో 1821 దాకా ఏ రోజు నుంచైనా మొదలెట్టే వీలుంది, కానీ ఆడేవాళ్ళలో ఎక్కువమంది 1444నే ఎంచుకుంటారు. అయిదో ఆటలో ఒకే తేదీ ఉంచారు. ప్రతి కొత్త తేదీకీ ప్రతి కోట ఎవరిది, ఏలేవాడి వయసెంత, వారసుడెవడు అన్నదంతా మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. ముగ్గురు మనుషుల పని కాదది.

ఆట ఎక్కడ ఆగాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఆటకి ఒక ప్రశ్న ఉండాలి, దానికి జవాబు దొరికిన రోజు ఆట ముగియాలి. మీ ప్రశ్న ఇది: దొరికినప్పుడు గద్దెనెక్కినవాడి ఇల్లు నిలబడుతుందా? కపిలేంద్రుడు 1467 ప్రాంతంలో కృష్ణ ఒడ్డున చనిపోయాడు, వెంటనే హంవీరుడికీ పురుషోత్తముడికీ గద్దె తగాదా వచ్చింది. తండ్రి తెచ్చిన తగాదానే మళ్ళీ కొడుకుల్లో. 1470 దగ్గర ఆపేయండి. 35 ఏళ్ళు. హార్ట్స్ ఆఫ్ ఐరన్ గంటల లెక్కన నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ట్యాంకులు గంటకింత అని కదులుతాయి. మీకు రోజుల లెక్క కూడా అక్కర్లేదు. ఏడాదికి మూడు కాలాలు, ఎండ, వాన, చలి. వానకాలంలో వంశధార దాటి సైన్యం నడిపితే సగం పోవాలి. దసరా వెళ్ళాక దండు కదలాలి. 35 ఏళ్ళకి 105 ఎత్తులు. ఆదివారం మొదలుపెట్టినవాడు ఆదివారమే ముగించగలడు.

కొండల్ని మ్యాపులో ఖాళీ ఆకుపచ్చగా వదలకండి, ఇది నా విన్నపం. అక్కడ సవర గిరిజనులున్నారు, ఇప్పటికీ ఉన్నారు. కనుమ ఎవరిదంటే కింద కోటలో ఉన్నవాడిది కాదు, పైన దారి తెలిసినవాడిది. మీ పర్లాకిమిడిలోనే బడి చెబుతూ గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకుని వాళ్ళ కోసం బడులు పెట్టారు. ఆ ఊరివాళ్ళు చేసే ఆటలో సవరలకి నోరు లేకపోతే నాకు బాధగా ఉంటుంది.

సమాచారం కోసం ముందు శ్రీముఖలింగం, శ్రీకూర్మం, సింహాచలం గుళ్ళకి వెళ్ళండి. ముఖలింగం మీకు దగ్గరే. స్తంభాల మీద ఎవరు ఏ ఏడు దీపానికి ఎన్ని ఆవులిచ్చారో, ఎన్ని మాడలు (బంగారు నాణేలు) ఇచ్చారో, అప్పుడు రాజెవరో చెక్కి ఉంటుంది. ఏ ఊరు ఏ ఏడు ఎవరి చేతిలో ఉందో తేల్చడానికి దాన్ని మించిన సాక్ష్యం లేదు. చదవడం కష్టమైతే సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాల్లో వాటి పాఠాలు అచ్చయి ఉన్నాయి. ఒక్క చోట మాత్రం జాగ్రత్త, నేను చాలాసార్లు బోల్తాపడిన చోటది. గంగ, గజపతి రాజుల శాసనాల్లో ఏళ్ళని అంకాల్లో లెక్కపెడతారు. లెక్క 2తో మొదలవుతుంది. 6తో ముగిసే అంకెలు వదిలేస్తారు, సున్నాతో ముగిసేవి కూడా వదిలేస్తారు, 10 ఒక్కటీ ఉంచుతారు. అంటే శాసనంలో 19వ అంకం అని ఉంటే అది రాజు ఏలుబడిలో 16వ ఏడు. నేరుగా కలిపేస్తే ఆ కోట మూడేళ్ళు ఆలస్యంగా పడిపోతుంది. ఒడియా లిపిలో ఉన్నవి నీ స్నేహితుడు చదువుతాడు, తెలుగువి మీరిద్దరూ చదవండి. ఒకే గుడిలో రెండూ పక్కపక్కనే ఉన్న చోట ముగ్గురూ కలిసి నిలబడి చదవండి.

ముందు మాత్రం అరుగూ, సుద్దముక్కా, పిక్కలూ. ముగ్గురే కాబట్టి ఒకరు కటకం, ఒకరు రాజమహేంద్రవరం, ఒకరు కిమిడి తీసుకోండి. విజయనగరాన్నీ బహమనీలనీ పాచికలు వేసి నడిపించండి. మొదటిసారి మీ అన్నకి కటకం ఇవ్వు, నీ స్నేహితుడికి రాజమహేంద్రవరం ఇవ్వు, ఎవరి కథలో వాళ్ళు కాకుండా ఎదుటివాడి కోటలో కూర్చోవాలి. కిమిడి నువ్వే ఉంచుకో. పదో చుట్టు అయ్యాక నీ చేతిలో ఎన్ని పిక్కలున్నాయో, కనుమ ఎవరికి తెరిచావో నాకు రాయి.